కోటికి కొసరు

ఋణం తీరితే మనిషి వెళ్ళిపోతాడంటారు. మరి మనిషి వెళ్ళిపోయాక కూడా ఋణం మిగిలి ఉంటే దాన్నేమనాలి? సూర్యప్రకాశరావు నాలుగేళ్ళుగా మోస్తున్న సందేహం ఇది. ఎవర్నీ అడగలేదు. అడిగితే చెప్పగలిగే మనిషి ఒక్కతే ఉండేది, సందేహం ఆవిడ గురించే అయి కూర్చుంది.

భార్య నాగవల్లి పోయినప్పుడు వచ్చినవాళ్ళందరూ ఒకటే మాటన్నారు. "అంతేనండీ, ఆ తల్లికి మీతో ఋణం అంతవరకే" అన్నారు పెద్దవాళ్ళు. "ఋణం తీరిపోయింది బాబాయ్, మనసు రాయి చేసుకో" అన్నాడు వరసకు అన్న కొడుకు. తప్పేం లేదు. ఆయన కూడా ఎన్నో ఇళ్ళల్లో, ఎందరి భుజాల మీదో చెయ్యి వేసి ఆ మాటే అన్నాడు. తనదాకా వచ్చేసరికి మాత్రం అది ముల్లులా దిగింది. ఎందుకంటే ఋణం తీరలేదు. ఎంత మిగిలిందో కూడా ఆయనకు ఖచ్చితంగా తెలుసు. అరవై నాలుగు రామనామాలు.

కాఫీ చల్లారేలోగా తీర్చేయగల బాకీ అది. నాలుగేళ్ళుగా తీర్చలేదు.

సూర్యప్రకాశరావుది పిఠాపురం దగ్గర ఒక పల్లె. ఇరవై రెండో ఏట ప్రభుత్వరంగ కర్మాగారంలో ఉద్యోగానికని పట్నం శివార్లకు వచ్చి, సామాను బయటికి పంపే విభాగంలో లెక్క చూసే పనిలో చేరి, అక్కడే రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేశాక భార్యాభర్తలు ఇంద్రేశంలో నర్సింహమ్మ అనే ఆవిడ ఇంట్లో పైభాగం కిరాయికి తీసుకున్నారు. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. నర్సింహమ్మ మాత్రం ఇంటి వెనక జాగాలో రెండు బర్రెల్ని ఇంకా ఉంచుకుంది. ఆయన ఇప్పుడు ముత్తంగిలో ఒక గోదాములో, లారీల నుంచి దిగే పెట్టెలు లెక్కపెట్టే పనికి పోతున్నాడు. జీతం కోసమని అందరికీ చెబుతాడు. అసలు సంగతి, పగలు ఇంట్లో ఉండలేడు.

నాగవల్లి కోటి మొక్కుకుంది పిల్లల కోసం. పెళ్ళయిన ఏడెనిమిదేళ్ళకు, డాక్టర్లూ గుళ్ళూ అన్నీ అయ్యాక, కోటి రామనామం చేస్తానని మొక్కి జపమాల పట్టింది. రోజుకి పది మాలలు. కొన్నాళ్ళకి వయసు దాటింది. "ఇవ్వలేదు కదా, ఇక మానేయొచ్చుగా" అన్నాడాయన ఒకసారి, ఉండబట్టలేక.

"అడగడం మానేశానండీ. పేరు పెట్టి పిలవడం ఎందుకు మానాలి?" అందావిడ.

ఆమె మాల తిప్పేది, లెక్క ఆయన తలలో ఉండేది. సాయంత్రం కంపెనీ బస్సు దిగి ఇంటికి రాగానే మొదటి మాట అదే. "ఇవాళ ఎన్ని?" ఆమె చెప్పేది. ఆయన మొత్తం కలిపి పైకి అనేవాడు. ఆ తర్వాత ఆమె అడిగేది: "ఇవాళ్టి అంకె ఎలాంటిదండీ?"

ఇది వాళ్ళిద్దరి మధ్యా ఎలా మొదలైందో గుర్తు లేదు. అంకెల్ని మనుషుల్లా అడిగేదావిడ. ఆయనకి పెద్ద చదువు లేదు గాని అంకెల్ని విడగొట్టి చూడటం సరదా. "పన్నెండు వేల మూడు వందల ఇరవై ఒకటి. ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటే" అని చెబితే, "అయితే నిజాయితీపరుడే" అనేది. ఇంకో అంకె తొమ్మిదితో శేషం లేకుండా తెగుతుందంటే, "మంచి కుటుంబం" అనేది.

ఒకసారి ఆమెకి ఒంట్లో నలతగా ఉండి మాలలు తగ్గాయి. "ఇవాళ ఆరున్నొకటే అయ్యాయండీ" అంది. ఏడు అన్న మాట నోట రానిచ్చేది కాదు. ఏడుపు ఇంట్లోకొస్తుందని వాళ్ళమ్మ నేర్పిన భయం. అప్పటికి మొత్తం పదివేల ఏడు అయింది. రెండు రోజులు బస్సులో కూర్చుని ఆయన ఆ అంకెను అన్నిటితోనూ కోసి చూశాడు.

"మొన్నటి పదివేల ఆరున్నొకటి ఉంది చూశావూ, అది దేనితోనూ తెగదు."

"అంటే?"

"ఒకటీ, అదీ తప్ప దాన్ని పంచుకునేవాళ్ళే లేరు."

"పాపం" అంది నాగవల్లి. కాస్సేపు పప్పు కలియబెట్టి, "ఒకటి ఉందిగా. ఒకరుంటే చాలదూ?" అంది.

అలా పాతికేళ్ళు. మాలలు తొంభై వేలు దాటాక, ఇంకెన్ని చేస్తే కోటవుతుందో లెక్క చూడమంది. ఆయన కాగితం మీద భాగహారం వేశాడు. రెండోసారి వేశాడు. పెన్ను పక్కన పెట్టి తల గోక్కున్నాడు.

"కోటి నూటెనిమిదితో తెగదే, వల్లీ."

"తెగకపోవడమేమిటండీ? మాలంటే నూటెనిమిది, మొక్కంటే కోటి. పెద్దవాళ్ళు ఆమాత్రం చూసుకోకుండా పెట్టారా?"

"చూసుకోలేదో, చూసుకునే పెట్టారో. కోటిని విడగొట్టుకుంటూ పోతే రెళ్ళూ ఐదులూ తప్ప ఇంకేం లేవు. ఏడు రెళ్ళు, ఏడు ఐదులు."

"ఆరున్నొకటనండి."

"సరే, ఆరున్నొకటి. నూటెనిమిదిని విడగొడితే రెండు రెళ్ళూ, మూడు మూళ్ళూ. కోటిలో వెతికితే మూడన్నది ఒక్కటీ లేదు. ఆ మూడు మూళ్ళ దగ్గరే చిక్కు."

నాగవల్లి చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "ఏమన్నారు? మూడు ముళ్ళా?"

"ముళ్ళు కాదు, మూళ్ళు."

"అయితే మీ కోటికి మూడు ముళ్ళు పడలేదన్నమాట. పాపం, బ్రహ్మచారి. అన్ని సున్నాలు వెనకేసుకుని ఏం లాభం?" అని చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయనకీ నవ్వాగలేదు. ఆ తర్వాత చాలా రోజులు, ఏ అంకె మాట వచ్చినా, "వీడికి పెళ్ళయిందా?" అని అడిగేది. మూడుతో తెగుతుందా అని దాని అర్థం.

ఆ లెక్క ప్రకారం తొంభై రెండు వేల ఐదు వందల తొంభై రెండు మాలలు చేస్తే కోటికి అరవై నాలుగు నామాలు తక్కువ పడతాయి. ఇంకో మాల తిప్పితే నలభై నాలుగు ఎక్కువవుతాయి. ఆ ఆఖరి నిండు మాల అయిన రోజు ఆమె మాలను కళ్ళకద్దుకుని, "మిగిలిన అరవై నాలుగూ నవమి నాడు చెప్పి కోటి ముగిద్దామండీ. మాల మధ్యలో ఆపకూడదంటారు, ఏం చెయ్యాలో అప్పటికి ఎవరినైనా అడుగుదాం" అంది. నవమి ఎంతో దూరం లేదు.

నవమి రాకముందే జ్వరం వచ్చింది. జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆస్పత్రి మంచం మీద ముక్కుకి పెట్టిన గొట్టం పక్కకి జరుపుకుని ఆమె తెలివిలో ఉండి చెప్పిన ఆఖరి మాట ఇదే.

"ఆ అరవై నాలుగూ మీరు అనేయండి. నా దగ్గర అప్పు తీసుకున్నారనుకోండి."

"నువ్వే అంటావు, లేచాక."

"ఎవరంటే ఏమిటి? తొందరేం లేదు. నిదానంగానే తీర్చండి."

మర్నాటి నుంచి మాట లేదు.

నిదానంగా అన్న ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన ఇన్నేళ్ళూ గడిపాడు. మొదట కర్మలన్నీ అవ్వాలనుకున్నాడు. తర్వాత సంవత్సరీకం వెళ్ళాలనుకున్నాడు. అదీ వెళ్ళింది. ఒకనాడు స్నానం చేసి, ఆమె మాల తీసి, మొదటి పూస మీద వేలు పెట్టాడు. నోరు తెరవబోయి ఆగాడు. ఒకటంటే అరవై మూడవుతాయి. ఇవి తరిగేవే గాని పెరిగేవి కావు. ఆమెతో తనకింకా మిగిలి ఉన్న లెక్క ఇదొక్కటే. అది కూడా తీరిపోతే, అందరూ అప్పుడన్న మాట నిజమైపోతుంది. మాలను తిరిగి సంచిలో పెట్టేశాడు.

భక్తి లేని మనిషి కాదు. తన జపం తాను విడిగా, వేళ్ళ కణుపుల మీద చేసుకుంటూనే ఉన్నాడు. ఆ మాల జోలికి మాత్రం వెళ్ళలేదు.

ఒకసారి గుళ్ళో పూజారిగారిని, ఎవరి సంగతో అడిగినట్టు అడిగాడు. మొక్కులో కొంచెం మిగిలిపోతే ఎలా అని. "సంకల్పం ఉంటే చాలు రావుగారూ, భగవంతుడు లెక్కలు చూస్తాడా?" అన్నాడాయన తీర్థం పోస్తూ. మంచిమాటే. మెట్లు దిగుతుంటే మళ్ళీ సందేహమొచ్చింది. లెక్కలు చూడనివాడికి కోటి అని ఎందుకు మొక్కమన్నారు? మాలకి నూటెనిమిది పూసలు ఎందుకు పెట్టారు? అడిగితే ఆ మంచిమనిషి నొచ్చుకుంటాడేమోనని వెనక్కి తిరగలేదు.

ఇంట్లో రెండు గదులు. ఒకదాంట్లో లైటు వెయ్యడం మానేశాడు. సాయంత్రం తాళం తీసి లోపలికి వచ్చాక కూడా నోట్లో ఆ రోజు చూసిన అంకెలు ఆడుతూ ఉండేవి, చెప్పడానికి ఎవరూ లేక అలాగే అణగారిపోయేవి. గోదాములో ఒకసారి అలవాటు కొద్దీ పైకి అన్నాడు. గేటు దగ్గర కాపలా ఉండే బాలప్ప పక్కనున్నాడు.

"బాలప్పా, ఈ లారీ నంబరు తొమ్మిదితో తెగుతుంది చూశావా?"

"తెగితె ఏమొస్తది సార్? దాని టైరు తెగకుంటె సాలు" అన్నాడు బాలప్ప. "ఆ డ్రైవరు పొద్దుగాల్నుంచి ఖాళీ చెయ్యమని నా పానం తీస్తుండు."

నిజమే మరి. ఏమొస్తుంది?

లారీలు రాని మధ్యాహ్నాలు, చిరిగిన అట్టముక్కల వెనక ఆ ఒక్క లెక్కే వేస్తూ కూర్చునేవాడు. కోటి తెగకపోతే పదికోట్లు తెగుతాయేమో. వేసి చూశాడు, వంద మిగిలింది. వందకోట్లకు ఇరవై ఎనిమిది మిగిలింది. వెయ్యికోట్లకు మళ్ళీ మొదటికొచ్చి అరవై నాలుగే మిగిలింది. అక్కణ్ణుంచి వంద, ఇరవై ఎనిమిది, అరవై నాలుగు, ఇలా ఈ మూడే గానుగెద్దులా తిరుగుతున్నాయి తప్ప, సున్నా మాత్రం రాదు. ఎందుకు రాదో కూడా తెలిసింది. నూటెనిమిదితో తెగాలంటే ముందు తొమ్మిదితో తెగాలి. తొమ్మిదితో తెగాలంటే అంకెలన్నీ కలిపితే తొమ్మిదో, పద్దెనిమిదో, అలాంటిదే రావాలి. కోటిలో అంకెలన్నీ కలిపితే వచ్చేది ఒకటి. ఒకటి పక్కన ఎన్ని సున్నాలు వచ్చి కూర్చున్నా అది ఒకటే.

ఇంకో దారి కూడా పట్టి చూశాడు. సున్నాలు చేర్చకుండా కోటికి కోటి కలుపుకుంటూ పోతే? రెండు కోట్లకి ఇరవై మిగిలింది. మూడు కోట్లకి ఎనభై నాలుగు. ఓపిగ్గా పోతూ ఉంటే ఇరవై ఏడో కోటి దగ్గర శేషం లేకుండా తెగింది. సరిగ్గా పాతిక లక్షల మాలలు. అంటే ఒక మనిషి కోటి, ఎంత నిష్ఠగా చేసినా, తెగదు. ఇరవై ఏడుగురు తలా ఒక కోటి చేసి ఒకచోట పోస్తే తెగుతుంది. వల్లి ఉంటే, "ఇరవై ఏడు నక్షత్రాలు కదండీ, ఆకాశంలో వాళ్ళు చేస్తున్నారేమో" అనేది. ఆ మాట ఆమె గొంతులోనే చెవిన పడినట్టయి తల తిప్పి చూశాడు. అట్టపెట్టెల వరసలు, మీద దుమ్ము. బయట రింగురోడ్డు మీద లారీల హోరు.

ఈ ఏడు ఫాల్గుణంలో ఒక ఆదివారం మధ్యాహ్నం నర్సింహమ్మ మెట్లెక్కి వచ్చింది. వెనకాల కోడలు అంకిత, చేతిలో ఫోను.

"రావు సార్, పండుకున్నరా?"

"లేదమ్మా, రండి."

"జెర ఒక లెక్క జెప్పుండ్రి. మా కోడలి ఫోను లెక్కల ఇరుక్కున్నది" అంటూ నర్సింహమ్మ గడప అవతలే చతికిలబడింది.

కొత్త ప్లాట్లలో కట్టిన ఆంజనేయస్వామి గుళ్ళో ఆడవాళ్ళంతా కలిసి కోటి రామనామం తలపెట్టారట. నూరు మంది, తలా ఒక లక్ష. నవమి నాడు మొదలుపెట్టి శ్రావణానికి ముగించాలి. ఒక్కొక్కరికి ఎన్ని మాలలో చెప్పే పని అంకిత మీద పడింది.

"లక్షను నూటెనిమిదితో భాగిస్తె తొమ్మిది వందల ఇరవై ఐదు పాయింటు తొమ్మిది రెండు ఐదు వస్తుంది సార్" అంది అంకిత. "మళ్ల తొమ్మిది రెండు ఐదు. మళ్ల అదే. ఆగుతనే లేదు."

"పాయింటు నామం ఎట్లంటరు సార్?" అంది నర్సింహమ్మ. "రా అని నోరు మూసుకోవాల్నా?"

సూర్యప్రకాశరావు నవ్వాడు. నవ్వి ఎన్నాళ్ళయిందో, దవడ పట్టేసినట్టనిపించింది. "అది అలాగే వస్తుందమ్మా. లక్ష తెగదు, కోటీ తెగదు. తొమ్మిది వందల ఇరవై ఐదు మాలలు చేస్తే మనిషికి వంద నామాలు తక్కువ. ఇరవై ఆరు చేస్తే ఎనిమిది ఎక్కువ."

"ఇరవై ఆరే పెట్టు పోరీ."

"అప్పుడు సరిగ్గా లక్ష కాదు కదమ్మా" అన్నాడు ఆయన. "మొక్కు కదా, ఎంతన్నామో అంతే ఉండొద్దూ?"

"ఎక్కువైతె దేవుడు వాపసు తోలుతడా? గది కొసరు సార్." నర్సింహమ్మ చెయ్యి తిప్పింది. "పాలు కొలిసి పోసినంక ఇంత కొసరు పోస్త. ఎవ్వరడిగిన్రు? కొలిసిందే పోసి గిన్నె లాక్కుంటె గది అంగడి బేరమైతది. ఇంటికొచ్చినోళ్లతోని గట్ల జేస్తమా?"

"నూరు మందికి ఎనిమిది వందలు ఎక్కువైతయి అత్తమ్మా" అంది అంకిత ఫోను చూస్తూ.

"కానీ. ఎనిమిది వందల కొసరు. మంచిగున్నది."

కింద మంచినీళ్ళ ట్యాంకరు హారను మోగింది. అంకిత గబగబా మెట్లు దిగిపోయింది. నర్సింహమ్మ మోకాళ్ళు పట్టుకుని లేవబోతూ మళ్ళీ కూర్చుంది.

"మీ ఇంటామె ఎట్ల జేసింది సార్? ఆమె ఒక్కతె కోటి జేసింది గదా. మాకీ ముచ్చట ఎర్కలేనప్పుడే."

అయిందమ్మా అనేస్తే సరిపోయేది. ఆమె అడిగింది మర్యాదకే. ఆయన నోటికి మాత్రం ఆ మాట రాలేదు.

"అరవై నాలుగు తక్కువ" అన్నాడు.

తర్వాత ఆగలేకపోయాడు. నవమి దాకా ఆగుదామనుకోవడం, జ్వరం, ఆస్పత్రిలో ఆమె అప్పు పెట్టిన మాట, అన్నీ చెప్పాడు. నర్సింహమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటూ విన్నది.

"నాలుగేండ్ల సంది?"

"నిదానంగా అంది."

"నిదానమంటె గింత నిదానమా సార్? తాబేలు గూడ పట్నం పోయొస్తుండె."

ఆయన తల వంచుకున్నాడు. "భయమమ్మా. అవి అనేస్తే ఋణం తీరిపోతుంది. ఆ రోజు అందరూ తీరిపోయిందనే అన్నారు. నాకొక్కడికే తెలుసు తీరలేదని. ఆవిడకీ నాకూ ఇంకా లెక్క ఉంది. అదొక్కటే ఉంది."

నర్సింహమ్మ మెట్ల కిందికి ఓసారి తొంగి చూసింది. కింద ట్యాంకరు నీళ్ళు తొట్టిలో పడుతున్న చప్పుడు.

"ఒక ముచ్చట అడుగుత, కోపం జెయ్యకుండ్రి. బాకీ ఉన్నది మీరు. మరి బాకీ రావాల్సినామె యాడున్నది?"

ఆయన తలెత్తాడు.

"ఎవలన్న మా జల్లెడ తీస్కపోయి ఇయ్యకుంటె, నేను పదిసార్లు గేటు కాడికి పోయి సూసొస్త. మనసు పని మీద ఉండదు. ఇచ్చినోళ్లకు గట్లనే ఉంటది సార్. మీరు ఆమెను పట్టుకోని ఉన్న అనుకుంటుండ్రు. ఆమెను గుమ్మంల నిలవెట్టిండ్రు. లోపటికి రాదు, తొవ్వ పట్టుకోని పోదు."

గుమ్మం దగ్గర కూర్చున్నది నర్సింహమ్మే అయినా, ఆయన కళ్ళు ఆమె వెనకనున్న ఖాళీ మెట్ల మీదికి పోయాయి. నాలుగేళ్ళలో ఒక్కసారైనా ఇటువైపు నుంచి ఆలోచించలేదు. తానేం పోగొట్టుకుంటానోనన్నదే తప్ప, ఆవిడ ఎక్కడ ఆగిపోయి ఉంటుందోనన్నది తట్టలేదు.

"మాల మధ్యలో ఆపకూడదమ్మా" అన్నాడు చివరికి, నెమ్మదిగా. "అరవై నాలుగు దగ్గర ఆపలేను."

"ఆపుమన్నదెవరు? మొత్తం తిప్పుండ్రి."

"కోటి దాటిపోతుంది."

"ఎంత దాటుతది?"

"నలభై నాలుగు."

"మరి గవి ఎవ్వరియి?"

అరవై నాలుగును ఆయన వెయ్యి రకాలుగా లెక్కవేశాడు. నలభై నాలుగు ఎప్పుడూ పొరపాటుగానే కనబడింది, గీత దాటి పడిన చుక్కలా. అది ఎవరిదని అడగాలన్నదే తోచలేదు.

"కోటి ఆమె మొక్కింది, అదంత ఆమెదే" అంది నర్సింహమ్మ. "పైన నలభై నాలుగు మీరు పోసే కొసరు. కొసరు పోసినోళ్లకు, తీసుకున్నోళ్లకు ముచ్చట ఒడుస్తదా, అయిపోతదా? నాకైతె ఒడువది." అని లేచి నిలబడి మోకాళ్ళు రుద్దుకుంది. ఒక మెట్టు దిగి ఆగింది. "నిజమో, కాదో, నాకేం ఎర్క సార్. మా ఆయన పోయిన్నాడు నాకు గిట్ల జెప్పెటోళ్లు లేకుండె. నాకు నేనే జెప్పుకున్న."

ఆమె వెళ్ళాక ఆయన కుర్చీలోంచి చాలాసేపు లేవలేదు. నర్సింహమ్మ మాట శాస్త్రమా? ఏ శాస్త్రంలో ఉంది కొసరు? పూజారిగారు లెక్కే లేదన్నాడు, ఈవిడ లెక్కకు పైన పొయ్యమంటోంది. ఎవరిది నిజమో పైనున్నవాడికే తెలియాలి. అయినా పూజారిగారి మాట దగ్గర పుట్టిన సందేహం ఈ మాట దగ్గర పుట్టలేదు. ఎందుకో వెతికినా దొరకలేదు.

మర్నాడు తెల్లవారి గాలి అటు మందుల కంపెనీల వైపు నుంచి తిరిగింది. ఘాటు వాసన వస్తుంటే కిటికీ మూశాడు. స్నానం చేసి, దీపం పెట్టి, లైటు వెయ్యని గది తలుపు తీశాడు. మాల ఉన్న సంచి ఆ గదిలోనే, ఆమె పీట మీద ఉంది. తీసుకుని, పీట మీద కాక పక్కన నేల మీద కూర్చున్నాడు.

మొదటి పూస మీద వేలు పెట్టాడు.

"శ్రీరామ" అన్నాడు.

అరవై మూడు.

ఏమీ కాలేదు. రెండో పూస జరిగింది. పూసలు నున్నగా ఉన్నాయి, పాతికేళ్ళు ఆమె బొటనవేలు అరగదీసినవి. పదో పూస దాకా నామం తడబడింది. తర్వాత దారిన పడింది. ఇరవై అయ్యాయి, ముప్పై అయ్యాయి. నోరు నామం అంటుంటే తల తన పని తాను చేస్తూనే ఉంది, ఇంత అయింది, ఇంత ఉంది అని. ఆ తలనెవరాపగలరు? యాభై దగ్గర ఆపేయాలనిపించింది. ఇంకా పద్నాలుగు ఉన్నాయి, ఉంచుకో, పద్నాలుగైనా ఉంచుకో అని ఎవరో లోపలి నుంచి బతిమాలారు. గుమ్మం వైపు చూశాడు. తలుపు తీసే ఉంది. ఇన్నేళ్ళూ ఇక్కడే నిలబెట్టానా నిన్ను అనుకున్నాడు. వేలు కదిలింది.

అరవై, అరవై ఒకటి, అరవై రెండు. అరవై మూడో పూసా జరిగింది.

"శ్రీరామ" అన్నాడు అరవై నాలుగోసారి, పక్కనున్న మనిషికి వినిపించేంత గట్టిగా.

కోటి అయింది. నాగవల్లి మొక్కు, ఆమె దగ్గర ఆయన తీసుకున్న అప్పు, రెండూ ఒక్క పూస దగ్గరే తీరాయి. దీపం అలాగే ఉంది. కింద నర్సింహమ్మ బర్రెని అదిలిస్తున్న గొంతు వినిపిస్తోంది. కళ్ళు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీగా లేదు, మాల మధ్యలో ఆపకూడదు.

ఇంకా నలభై నాలుగు పూసలున్నాయి. గోదాముకి వేళ మించిపోతోందని తెలుసు. అయినా ఆ నలభై నాలుగూ మాత్రం ఆయన చాలా నిదానంగా అన్నాడు.